పెద్దక్క తరఫు మనిషి

కింద పరుపుల దుకాణం షట్టరు దడదడమని దిగిందంటే పెద్దక్కకి ఇన్నేళ్ళూ ఒకటే అర్థం. తమ్ముడు మెట్లెక్కి వస్తున్నాడని. పొయ్యి మంట తగ్గించి వంటగది గుమ్మంలో పీట వాల్చేది. వాడు వచ్చి దాని మీద చతికిలబడి, ఆ పూట దుకాణంలో జరిగిన రామాయణమంతా విప్పేవాడు. జుట్టు నిండా దూది. ఆవిడ బీన్సు తుంచుతూనో, బియ్యం ఏరుతూనో వింటూ, మధ్యమధ్యలో చెయ్యి చాచి వాడి తలలోంచి పింజలు ఏరేది. వాడు వెళ్ళాక మెట్ల మీద రాలిన దూది ఊడ్చుకోవడం ఇంకో పని.

షట్టరు ఇప్పుడూ దిగుతుంది. దడదడలో ఏ మార్పూ లేదు. అడుగుల చప్పుడు మాత్రం మెట్ల వైపు రాదు, వీధి వైపు పోతుంది. బండి చప్పుడు మలుపు తిరిగేదాకా పెద్దక్క గరిటె పట్టుకుని వింటుంది. మెట్లు అద్దంలా ఉన్నాయి. ఊడవాల్సిన పనే లేదు. ఆ శుభ్రం చూస్తేనే ఆవిడకి ఒళ్ళు మండుతోంది.

పెద్దక్క అంటే నిజానికి ఆ ఒక్క తమ్ముడికే అక్క. దుకాణంలో కుట్టేవాళ్ళూ, దూది ఏకేవాళ్ళూ, సరుకు దింపే ఆటోవాళ్ళూ కూడా వాడిని చూసి పెద్దక్కా అనడం మొదలుపెట్టి ఆ పేరే ఖాయం చేశారు. చదువు పెద్దగా లేదు. అక్షరాలు కూడబలుక్కుని చదువుతుంది, సంతకం మాత్రం గుండ్రంగా, పొందిగ్గా పెడుతుంది. ఇల్లు ఆవిడ భర్త కట్టించింది. బావమరిది నిలదొక్కుకోవాలని కింది భాగమంతా దుకాణానికి వదిలేశాడు. అద్దె మాటెత్తితే, "మీ తమ్ముడి దగ్గర అద్దె పుచ్చుకుని నీ చేతి కూడు తినమంటావా?" అనేవాడు. ఆ మనిషి పోయినేడాది పోయాడు. పరుపు మీద ఆయన పడుకునే వైపు గుంటపడి ఉంటుంది. దూది మళ్ళీ ఏకించి కుట్టిస్తానక్కా అని తమ్ముడు అడిగితే, "నా పరుపు జోలికి రాకు" అంది. అంత గట్టిగా వాడితో ఎప్పుడూ మాట్లాడలేదు.

ఆయన పోయాక రోజులో ఆవిడకి మిగిలింది ఆ సాయంత్రం గంటే. ఇప్పుడు దాన్ని కూడా ఎవరో ఎత్తుకుపోయారు.

ఎవరో అంటే ఎవరో కాదు, కళ్ళద్దాలావిడ. అద్దాలకి సన్నటి గొలుసు కట్టి మెళ్ళో వేలాడేసుకుంటుంది. తమ్ముడు ఆవిడని "మేడమ్" అంటాడు. ఆ మాట వాడి నోట్లోంచి వచ్చినప్పుడల్లా పెద్దక్కకి పంటి కింద రాయి పడ్డట్టుంటుంది.

ఆ మేడమ్ ఎలా వచ్చిందో చెప్పాలంటే వానల సంగతి చెప్పాలి. వాడికి ముందునుంచీ ముగ్గురున్నారు. ఆడిటరు, లాయరు, బీమా ఆయన. ముగ్గురూ మూడు దిక్కులు. ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు. వాడు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళొచ్చి, వాళ్ళు చెప్పింది మోసుకొచ్చి వంటగదిలో దింపేవాడు. "ఆడిటరు సరుకు తక్కువ చూపించమన్నాడక్కా." "బీమా ఆయన ఎక్కువ రాయించమన్నాడక్కా." పెద్దక్క కాస్సేపు ఆలోచించి, "ముగ్గురూ మూడు చెప్పారంటే, ముగ్గురూ తమ ఒళ్ళు కాచుకున్నారన్నమాట. నువ్వు నాలుగోది చెయ్" అనేది. వాడు పకపకా నవ్వేవాడు. నవ్వి, అలాగే చేసేవాడు. చాలాసార్లు కలిసొచ్చింది. కలిసి రానప్పుడు ఇద్దరూ దాని ఊసెత్తేవాళ్ళు కాదు.

ఆ తర్వాత వానలకి దుకాణం వెనక గోదాములోకి మోకాటి లోతు నీళ్ళొచ్చాయి. పరుపు తడిస్తే ఏనుగు. ఇద్దరు మనుషులు పట్టినా కదలదు, ఎండలో వేసినా కంపు వదలదు. వాడు బీమా మీద ఆశ పెట్టుకున్నాడు. వచ్చింది కంటితుడుపు. ఎందుకంటే ఆడిటరు లెక్కలో సరుకు తక్కువుంది, పైగా నీళ్ళ నష్టానికి కట్టే బీమాని వాడే సగానికి తగ్గించుకున్నాడు. ముగ్గురి దగ్గరికీ పరిగెత్తాడు. ముగ్గురూ ఒకే మాట అన్నారు, "నన్నడిగుంటే చెప్పేవాణ్ణి కదండీ!"

సగానికి తగ్గించమన్నది ఎవరో వాడికి తెలుసు. పెద్దక్కకీ తెలుసు. "మీ బావ దగ్గరుండి కట్టించిన గోడల్రా! నీళ్ళెక్కడ్నించి వస్తాయి? దండగ!" అని చిక్కుడుకాయలు వొలుస్తూ చెప్పింది. వాడు ఆ తర్వాత ఒక్కసారైనా ఆ మాట గుర్తు చెయ్యలేదు. తిట్టినా బాగుండేది. తిట్టకుండా వెళ్ళి మేడమ్‌ని తెచ్చుకున్నాడు.

"ఆవిడేం చేస్తుందిరా, కొత్తగా?" అని అడిగింది పెద్దక్క.

"ముగ్గుర్నీ ఒక బల్ల దగ్గర కూర్చోబెడుతుందక్కా. ఒకరు చెప్పేది మిగతావాళ్ళు వినాలి. విని అందరూ కలిపి ఒక మాట చెప్పాలి."

"కూర్చోబెట్టడానికి ఫీజా?"

"అందరూ మంచివాళ్ళే అక్కా. విడివిడిగా మంచివాళ్ళు. అదే నా కొంప ముంచింది."

"ఇన్నాళ్ళూ వాళ్ళని కలిపింది ఎవర్రా మరి? ఈ పొయ్యి దగ్గర?"

వాడు తల గోక్కున్నాడు. "అన్నీ నీ నెత్తిన పెట్టడం నాదే తప్పక్కా. మేడమ్ కూడా అదే అంది."

మేడమ్ కూడా అదే అంది! తన గురించి, తన వెనకాల, ముక్కూ మొహం తెలియని మనిషి! ఆ పూట పప్పు మాడింది.

నెలకోసారి, కుట్టు మిషన్లు ఆగే ఆదివారం మధ్యాహ్నం, కింద కత్తిరింపు బల్ల చుట్టూ సభ. కుర్చీలు చాలక ఆడిటరు ఫోమ్ షీట్ల దొంతర మీద కూర్చుంటాడు. భారీ మనిషి. కూర్చున్నకొద్దీ కిందకి దిగిపోతూ, సభ ముగిసేసరికి గడ్డం బల్లకి ఆనేలా మిగులుతాడు. లాయరు సన్నగా దబ్బనంలా ఉంటాడు, మాటతో కూడా అలాగే గుచ్చుతాడు. బీమా ఆయన ఎవరేమన్నా ముందు నవ్వి ఆ తర్వాత వింటాడు. మేడమ్ మధ్యలో కూర్చుని, అద్దాలు పెట్టుకుని ఒకరిని అడుగుతుంది, అద్దాలు తీసి ఇంకొకరిని చూస్తుంది. పెద్దక్క పైనుంచి టీ కప్పులు పళ్ళెంలో పెట్టుకుని దిగుతుంది. అందరూ "థాంక్సండీ" అంటారు. మాట ఆపేస్తారు. ఆవిడ తిరిగి మెట్లెక్కాక మళ్ళీ మొదలుపెడతారు. తమ్ముడు మేడమ్ ముందు నవ్వే నవ్వు కొత్తది. నోరు మూసుకుని నవ్వుతాడు, పెద్దమనిషిలా. తన దగ్గర వాడు ఎప్పుడూ అలా నవ్వలేదు.

ఒకసారి మెట్ల మీదే నిలబెట్టి అడిగింది, "ఫోమ్ కోసే కొత్త మిషను కొంటున్నావటగా? నాకు ఆటోవాడు చెప్పాలా?"

"ఇంకా తేలలేదక్కా. మేడమ్‌ని అడిగి చెప్తా."

మేడమ్‌ని అడిగి చెప్తాడట! వీడికి లాగు నాడా కట్టడం నేర్పింది ఎవరు?  పెద్దక్క పైకి అరిచే మనిషి కాదు. లోపల ఉడికే మనిషి. మూత పెట్టి ఉడికించింది త్వరగా మెత్తబడుతుందంటారు గానీ, ఆవిడ విషయంలో అది గట్టిపడింది.

అప్పుడు చేసింది ఆ పని. దుకాణం పెట్టిన కొత్తల్లో ఇద్దరు కుట్టు పనివాళ్ళు జట్టుకట్టి బెట్టు చేస్తే, వాడి మాట వీడికీ, వీడి మాట వాడికీ కాస్త ఉప్పూకారం వేసి చెప్పి విడదీసింది. ఆ ఇద్దరూ ఇప్పటికీ ఒకరి పక్కన ఒకరు కూర్చోరు. ఆ ఉపాయం పనిచేస్తుందని ఆవిడకి నమ్మకం.

ఆడిటరు ముందుగా వచ్చి మెట్ల కింద చెమట తుడుచుకుంటుంటే మంచినీళ్ళిచ్చి, "మీ లెక్కలు మొత్తం వేరేవాళ్ళ చేత తిరగేయించాలని లాయరు గారు అంటున్నారట బాబూ. నేనన్నానని అనకండి" అంది. లాయరు ఏదో కాగితం కోసం వచ్చినప్పుడు, "మీకు ఫీజు దండగని ఆడిటరు గారి అభిప్రాయమట. నాకెందుకు లెండి. నేనన్నానని అనకండి" అంది. బీమా ఆయనకి ఫోన్లోనే చెప్పింది. "మేడమ్ తన మనిషినెవరినో తెస్తుందట మీ చోట్లోకి. మీరు పాతవారు కనక కడుపు తరుక్కుపోయి చెప్తున్నా. నేనన్నానని మాత్రం..." అవతల బీమా ఆయన అలవాటు ప్రకారం ముందు నవ్వాడు.

ఇక చూడాలి, ఎన్నాళ్ళు కూర్చుంటారో ఒక బల్ల దగ్గర! ఆ రాబోయే ఆదివారం కోసం పెద్దక్క చాలారోజుల తర్వాత ఎదురుచూసింది. కొత్త చీర కూడా కట్టింది.

ఆవిడకి తెలియనిది ఒకటుంది. ఆ బల్ల దగ్గర మేడమ్ మొదటిరోజే ఒక కట్టుబాటు పెట్టింది. దుకాణం గురించి గానీ, తమలో ఒకరి గురించి గానీ బయట ఏం విన్నా, సభ మొదలవగానే బల్ల మీద పెట్టాలి. ఇంటికి మోసుకుపోకూడదు.

పళ్ళెంతో ఆవిడ చివరి మెట్టు దిగేసరికి బీమా ఆయన అంటున్నాడు, "నేను విన్నది చెప్పేస్తానండీ, లేకపోతే కట్టుబాటు తప్పినట్టే. నన్ను తీసేసి మేడమ్ గారు తమ మనిషిని తెస్తున్నారటగా? తెస్తే తెచ్చారు, ఈ నెల టీ మాత్రం తాగి పోతాను!"

అందరూ నవ్వారు. మేడమ్ కూడా నవ్వింది. "నాకు తెలియకుండా నేనెవర్ని తెస్తున్నానండీ?"

ఆడిటరు ఫోమ్‌లోంచి పైకి లేవబోయి లేవలేక, "అయితే నాదీ వినండి. లాయరు గారు నా లెక్కలు తిరగేయించమన్నారట" అన్నాడు.

"నేనా!" లాయరు కళ్ళు చిట్లించాడు. "నా ఫీజు దండగన్నది మీరట కదా?"

"రామరామ! ఎవరన్నారు?"

"మీకెవరన్నారు?"

ముగ్గురూ ఆగిపోయారు. ఎవరూ పేరు చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమూ లేకపోయింది. బీమా ఆయన నవ్వు మొహం మీదే ఎండిపోయింది, ఆడిటరు గోడకి వేలాడే దారపు కండెలు చూస్తున్నాడు, లాయరు తన గోళ్ళు చూసుకుంటున్నాడు. పెద్దక్క చివరి మెట్టు పక్కనే నిలబడి పళ్ళెంలో కప్పులు సర్దుతోంది.  తమ్ముడు లేచి వచ్చి పళ్ళెం అందుకున్నాడు. ఆవిడ మొహంలోకి చూడలేదు.

ఆవిడ పైకి వెళ్ళి వంటగదిలో కూర్చుంది. తేలు కుట్టిన దొంగకి గట్టిగా ఏడిచే వీలుండదు. వాడు వస్తాడు, అరుస్తాడు, అరిచినా సరే వస్తాడు కదా అనుకుంది. మెట్ల మీద అడుగులు వినిపించాయి. వాడివి కాదు.

కళ్ళద్దాలావిడ గుమ్మంలో నిలబడింది. "లోపలికి రావచ్చా?"

"వచ్చారుగా" అంది పెద్దక్క.

"మీ తమ్ముడు వస్తానన్నాడు. నేనే ముందు వెళ్తానన్నాను."

"వాడు మీరు చెప్పినట్టే వింటాడు లెండి. ఒకప్పుడు నేను చెప్పినట్టు వినేవాడు."

కళ్ళద్దాలావిడకి కోపం రాలేదు. వస్తే పెద్దక్కకి హాయిగా ఉండేది. "నేను గొడవ గురించి రాలేదండీ. కొత్త మిషనుకి అప్పు తీసుకోవాలనుకుంటున్నాడు. బ్యాంకువాళ్ళు ఈ ఇల్లు హామీ అడిగారు. ఇల్లు మీ పేరున ఉంది. మీ సంతకం కావాలి."

"దానికింత సన్నాయి నొక్కులెందుకు? కాగితం ఇటివ్వండి."

"ఇవ్వను."

పెద్దక్క తలెత్తింది.

"మేం నలుగురం మీ తమ్ముడి మనుషులం. ఆయన మంచి చూడటానికే మాకు ఫీజిస్తున్నాడు. సంతకం అడిగేదీ మేమే, పెట్టొచ్చో లేదో మీకు చెప్పేదీ మేమే అయితే అది న్యాయం కాదు. మీ తరఫున ఒకరుండాలి. మాతో సంబంధం లేని మనిషి."

"నా తరఫా? వాడు నా తమ్ముడమ్మా. మాలో తరఫులేంటి?"

"అందుకే చెప్తున్నా" అని ఆవిడ చెప్పులేసుకుంది.

వెళ్ళిపోయాక చాలాసేపు పెద్దక్కకి మింగుడు పడలేదు. ఎంత పొగరు! ఇంటికొచ్చి, అక్కాతమ్ముళ్ళ మధ్య గీత గీసి పోయింది. కానీ ఆ గీత అవతల వాడి వెనక నలుగురున్నారు. ఇవతల తన వెనక ఎవరూ లేరు. ఉన్న ఒక్క మనిషీ పరుపు మీద గుంట వదిలి వెళ్ళిపోయాడు. వాడు పాత రోజుల్లోలా పీట మీద కూర్చుని "ఇక్కడో సంతకం పెట్టక్కా" అనుంటే, కూర తరిగే చెయ్యి కొంగుకి తుడుచుకుని పెట్టేసేది. ఏం పెట్టిందో కూడా అడిగేది కాదు.

వాడికి నలుగురుంటే నాకొకరుండకూడదా? మంచి ఆలోచన కుళ్ళులోంచి కూడా పుడుతుంది. వీధి చివర మందుల షాపు పైన ఒక లాయరమ్మ కూర్చుంటుంది. చిన్న వయసు, పెద్ద నోరు. పెద్దక్క ఆవిడని ఎంచుకోవడానికి కారణం ఇంకేం లేదు, ఆవిడకి కళ్ళద్దాల్లేవు.

లాయరమ్మ అంతా విని, "సరే. మీకేం కావాలి?" అంది.

"మిషను కొంటే వాడికి..."

"మీ తమ్ముడికి కాదు. మీకు."

"వాడి వ్యాపారం బాగుంటే..."

"ఆయన సంగతి చూడ్డానికి బల్ల నిండా మనుషులున్నారని మీరే చెప్పారు. మీకేం కావాలండీ?"

 కింద మందుల షాపులో ఎవరో చిల్లర కోసం వాదించుకుంటున్నారు. చివరికి పెద్దక్క, "ఆ ఇల్లు ఆయన కట్టించాడు. అందులోనే నేను పోవాలి. ఇంకోటి, నన్ను అడగాలి" అంది.

"ఏం అడగాలి?"

"ఏదైనా. నన్ను కూడా అడగాలి."

లాయరమ్మ నవ్వలేదు. "మొదటిది నేను రాయగలను. రెండోది కాగితం మీద రాయడం కష్టం. చూద్దాం."

తర్వాతి సభకి పెద్దక్క టీ పెట్టింది, పళ్ళెం కిందకి తెచ్చింది, అందరికీ ఇచ్చింది. ఇచ్చి, పైకి వెళ్ళలేదు. గోడ పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. పక్కన లాయరమ్మ.  ఆడిటరు జరిగి చోటివ్వబోయి ఇంకో అంగుళం దిగిపోయాడు.

పోయినసారి సంగతి ఎవరైనా ఎత్తుతారేమోనని ఆవిడ ఒక్కొక్కరి మొహమే చూసింది. ఎవరూ ఎత్తేలా లేరు. అదీ ఆవిడకి నచ్చలేదు. జాలి పడుతున్నారేమో అనిపించింది. అందుకే తనే అంది, "ఆ చాడీలు నేనే చెప్పాను. కడుపు మండి చెప్పాను. కట్టుబాటు ప్రకారం బల్ల మీద పెడుతున్నా." బీమా ఆయన ఈసారి ముందు విని, ఆ తర్వాతే నవ్వాడు.

లాయరమ్మ మొదలుపెట్టింది. పెద్దక్క గారు ఇల్లు హామీగా ఇవ్వరు. మిషనునే హామీగా పెట్టుకుని, వచ్చినంత అప్పే తీసుకోవాలి. ఇన్నాళ్ళూ నోటి మాట మీద నడిచిన కింది భాగానికి అద్దె ఒప్పందం రాసుకోవాలి.

"అద్దెనా?" అన్నాడు తమ్ముడు. వాడి చెవులు ఎర్రబడ్డాయి. "అక్కా, నువ్వు నాకు అద్దెకిస్తావా?"

పెద్దక్క బల్ల మీద సుద్దముక్కతో గీసిన కొలతల వైపు చూస్తూ కూర్చుంది.

మేడమ్ అద్దాలు తీసింది. "ఒప్పందం ఉంటేనే బ్యాంకు కూడా నమ్ముతుంది. రేపెప్పుడైనా మీకు గానీ మీ అక్కకి గానీ ఏమైనా అయితే ఈ దుకాణం ఎక్కడ నిలబడుతుంది? మిషను చిన్నదే కొందాం. నా మాట అడిగితే, ఇదే సరైన దారి."

లాయరు తలూపాడు. ఆడిటరు కూడా. బల్ల అంతా తన వైపు తిరగడం చూసి పెద్దక్కకి సంతోషం రావాల్సింది. వాడు మాత్రం మేడమ్ చెప్పాకే ఒప్పుకున్నాడు. తను చెప్పించినప్పుడు చెవులు ఎర్రబడ్డాయి, ఆవిడ చెప్పగానే చల్లబడ్డాయి. గెలిచింది తనే. మెప్పు మాత్రం అవతలి గొలుసు కళ్ళద్దాలకి పోయింది.

అందరూ కాగితాలు సర్దుకుంటుంటే వాడు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి అన్నాడు, "ఇదంతా నాకు ముందే చెప్పొచ్చు కదక్కా? పదిమందిలో చెప్పాలా?"

"నువ్వు పైకి వస్తే చెప్పేదాన్నిరా" అంది పెద్దక్క.

వాడు ఏదో అనబోయాడు. అంతలో బయట నుంచి మేడమ్ పిలిచింది. "వస్తున్నా మేడమ్" అని వెళ్ళాడు. గేటు దగ్గర వాళ్ళిద్దరూ నిలబడి మాట్లాడుకుంటున్నారు. ఆవిడ ఏదో అంది. వాడు నవ్వాడు, నోరు మూసుకుని, పెద్దమనిషిలా. పెద్దక్క కిటికీ చువ్వల్లోంచి మొత్తం చూసింది. కడుపులో మంట ఎక్కడిదక్కడే ఉంది, పిసరంతైనా తగ్గలేదు. లాయరమ్మ భుజం తట్టి, రేపు కాగితాలు చదివి వినిపిస్తాను, రండి అని చెప్పి వెళ్ళింది.

కత్తిరింపు బల్ల మీద కప్పులు మిగిలాయి. ఒకదాని అంచున టీ చార, ఇంకోదానిలో ఎవరో ముంచి వదిలేసిన బిస్కెట్టు ముక్క. మేడమ్ తాగింది సగమే. ఇన్ని నెలలూ సభ ముగియగానే దిగొచ్చి, కప్పులు ఏరుకుని, పైకి మోసుకెళ్ళి కడిగి బోర్లించింది తనే. చెయ్యి దానంతటదే పళ్ళెం మీదకి పోయింది. రెండు కప్పులు అందులో పెట్టింది కూడా.

బయట వాడు ఇంకా నవ్వుతున్నాడు.

పెద్దక్క ఆ రెండు కప్పులూ పళ్ళెంలోంచి తీసి, ఎక్కడివక్కడ, ఎవరు కూర్చున్న చోట వాళ్ళ ముందు, మళ్ళీ బల్ల మీద పెట్టింది. ఖాళీ పళ్ళెం గోడకి ఆనించింది. వాడు లోపలికి వచ్చేసరికి కప్పులు కనిపించేలా లైటు వేసే ఉంచి, మెట్లెక్కింది.